తొలి దోసకాయలు

“ఒక్కటంటే ఒక్క దోసకాయ ఇయ్యరాదే అక్కా. నీకు పుణ్యముంటది.”

బాలమణి గోడ అవతల నుంచి చెయ్యి చాపింది. సారమ్మ ఆ చేతిలో దోసకాయ పెట్టలేదు. ఒళ్లో ఉన్న లేత వంకాయలన్నీ ఆమె కొంగులో పోసింది.

“గివి తీస్కపో. బెండకాయలు కావాల్నా? పుంటికూర గిల్లియ్యాల్నా? దోసకాయ మాత్రం అడగకు.”

“వంకాయ వాసనకే కక్కుతాందక్కా పిల్ల. మా ఆడబిడ్డ కోడలు యాప్రాల్ నుంచి వచ్చిందని చెప్పలే? కడుపుతోటున్నది. కోడల్ని నా మెడకు తగిలిచ్చి, మా ఆడబిడ్డ మంచిగ ఇంట్ల కూసున్నది. ఇదేమో దోసకాయ తొక్కుంటే నాలుగు బుక్కలు తింటనంటాంది.”

బాలమణి మాట పూర్తికాక ముందే గోడవతల ఎవరో డోక్కుంటున్న చప్పుడు వినిపించింది. సారమ్మకు జాలేసింది. అయినా తల అడ్డంగా ఊపింది.

“ఆదివారం దాక ఆగుమను. దేవునికి పెట్టనిది నేనే నోట్లె పెట్టుకోను. నీకెట్లిస్త?”

యుద్ధం ముగిసినా మేడ్చల్లో ఇంకా కంట్రోలు బియ్యమే. ఆ గట్టి బియ్యం గొంతు దిగాలంటే సారమ్మ పెరట్లోని కూరే కావాలి. ఎండలు ముదరకముందే ఆ పెరడు విరగకాసేది. వచ్చినవాళ్లెవరూ ఖాళీ కొంగుతో వెళ్లింది లేదు. ఉన్నది ఒక్కటే పట్టింపు. ఏ చెట్టు కాసినా తొలి కాత చర్చికి చేరాలి, ఆ తర్వాతే మనిషి నోటికి. వంకాయలు, బెండకాయలు తమ వంతు తీర్చుకున్నాయి. దోసకాయలే ఇప్పుడిప్పుడే పసుపెక్కి, పాదు దగ్గరికి వెళ్తే చాలు కమ్మగా వాసనేస్తున్నాయి.

పైగా దోసకాయల మీద సారమ్మకు ఎవరికీ చెప్పని మొక్కు ఒకటుంది. కూతురు రూతు వేరే మతం కుర్రాణ్ణి, రైలు పట్టాల మీద పనిచేసే లింగస్వామిని చేసుకున్న రోజు, సారమ్మ బైబిలు మీద చెయ్యి పెట్టి మరీ “ఇగ నా గడప తొక్కకు” అంది. కోపం వారంలో దిగిపోయింది. ప్రమాణం మాత్రం మెడకు చుట్టుకుంది. తను పిలిస్తే ఒట్టు తప్పినట్టు. దేవుడే పిల్లను తెచ్చి గుమ్మంలో నిలబెడితే కాదనడానికి తనెవరు? అందుకే ఏటా రూతుకు ప్రాణమైన దోసకాయలు బుట్టెడు కోసుకెళ్లి, ఆయన ముందు పెట్టి అదొక్కటే అడుగుతోంది. అందులో ఒక్క కాయ తగ్గినా మొక్కు చెడుతుందని ఆమె భయం.

“ఎన్నో నెల పిల్లకు?” అని అడిగింది, మాట మార్చడానికి.

“నాలుగు.”

సారమ్మ నిట్టూర్చింది. బాలమణి ఆమె ముఖంలోకి చూసింది.

“రూతు యాదికొచ్చిందా అక్కా?”

“గా పేరెత్తకు. నాకు బిడ్డ లేదని ఎన్నిసార్లు చెప్పాలె?”

“ఒకవేళ ఇప్పుడొచ్చి నీ గడపల నిలబడ్తే?”

“తలుపేస్త.”

ఆ మాట ఎలా వచ్చిందో సారమ్మకే తెలీదు. ఊరందరి ముందూ అని అని అలవాటైన మాట, నోరు దానంతటదే అనేసింది. తన నాలుక మీద తనకే అసహ్యం వేసింది. కాదు, అలా కాదు అని చెబుదామని తలెత్తేసరికి బాలమణి కొంగులోని వంకాయలు గోడ మీద పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున సారమ్మ బుట్ట నిండా దోసకాయలు కోసింది. చర్చిలో బల్ల మీద పెట్టి మోకరించింది. అయ్యగారు ప్రార్థన చేస్తుంటే కళ్లు మూసుకోకుండా ఆడవాళ్ల వరసల్లో వెతికింది. గుమ్మం వైపు చూసింది. రూతు లేదు. ఈ ఏడూ లేదు.

కళ్లు మూసుకుంటే ఆ డోక్కుంటున్న చప్పుడే చెవుల్లో మోగింది. ఇన్ని కాయల్లో ఒకటి తగ్గితే దేవుడు అలుగుతాడా? కడుపుతో ఉన్న పిల్లను ఇన్నాళ్లు పస్తుపెట్టి తెచ్చిన కాయలు ఆయనకు మాత్రం రుచిస్తాయా? ఆమెకు సిగ్గేసింది. చివరి పాట అయ్యేదాకా కూడా ఉండలేక లేచి వచ్చేసింది.

ఇంటికి రాగానే పాదు మీద మిగిలిన కాయల్లో మంచివి ఏరింది. పచ్చిమిరపకాయలు వేసి, చింతపండు కాస్త ఎక్కువే తగిలించి తొక్కు నూరింది. గిన్నె కొంగుతో పట్టుకుని బాలమణి ఇంటికి నడిచింది.

బాలమణి గుమ్మంలో కూర్చుని ఉంది. సారమ్మను చూసి లేవలేదు.

“బువ్వ పెట్టు పిల్లకు. నాదే తప్పు బాలమణీ. ముందే ఒక్కటిస్తే ఏం పోతుండె?”

“పోయిందక్కా పిల్ల. ఇందాకటి రైలుకు.”

“అయ్యో! గింత జల్దీ ఏముండె? ఒక్క పూట ఆగకపాయె.”

“నువ్వు చర్చికి పోయేదాక ఆగింది. దర్వాజ సందుల్నుంచి నిన్ను సూసి, కండ్లు తుడుసుకోని పోయింది.”

సారమ్మకు అర్థం కాలేదు.

“నన్ను సూసుడేంది? నేను ఆమెకు ఎవర్నని?”

బాలమణి ఆ గిన్నె అందుకుని కింద పెట్టింది. సారమ్మ రెండు చేతులూ పట్టుకుని భోరుమంది.

“గామె నీ రూతే, అక్కా.”