రోజుకో తప్పు

"మరగబెట్టేశారా?"

ఫుమియే గరిటె లాక్కుని పొయ్యి కట్టేసింది. గిన్నెలో సోయా ముద్ద కలిపి కాచే మిసో చారు ఇంకా కుతకుతలాడుతోంది.

"మిసో కలిపాక మరగనివ్వకూడదని చెప్పానా, లేదా? వాసనంతా చచ్చింది. గొడ్లకి పోసినా మూతి తిప్పుకుంటాయి."

మొగుడు తొకుజీ గిన్నె కిందికి దించాడు. కట్టెల మిల్లులో నలభై ఏళ్లు పనిచేసిన మనిషి. రంపం చప్పుడులో మాట అలవాటు తప్పింది.

మిల్లు నుంచి రిటైరైన రోజునే ఫుమియే విడాకుల కాగితం బల్ల మీద పెట్టింది. మొగుడు అక్కడికక్కడే సంతకం బదులు తన పేరు ముద్ర వేశాడు. ఆమె ముద్ర ఒక్కటే మిగిలింది.

"ఇప్పుడే పోను," అంది ఆ రోజు. "నేను పోయిన నెలకే మీరు తిండిలేక మాడి చస్తే ఊరంతా నన్నంటుంది. ఒక్క గిన్నె చారు సరిగ్గా కాచండి చాలు. ఆ పూటే ముద్ర కొట్టి సెండాయ్‌లో మా చెల్లెలి దగ్గరికి పోతాను."

అది మార్చి. ఇప్పుడు అక్టోబరు. సర్దిన పెట్టె గుమ్మం పక్కనే ఉంది.

మొన్న ఎండు నెత్తళ్లని తలలూ పేగులూ తియ్యకుండా వేశాడు. చారు చేదెక్కింది. నిన్న సముద్రపు నాచుని నీళ్లలోంచి తియ్యకుండా ఉడకబెట్టాడు. జిగురెక్కింది.

"చేసిన తప్పు మళ్లీ చెయ్యరు. రోజుకో కొత్తది ఎక్కణ్ణించి పట్టుకొస్తారో!" అంది ఫుమియే. "నా చారు తాగి ఏనాడైనా బాగుందన్నారా? 'ఉప్పు' అని గిన్నె ఇటు తోసేవారు. ఇప్పుడు తెలిసిందా?"

"తెలిసింది."

"ఏం తెలిసింది, మట్టి! ఆ ఉల్లికాడలైనా తరగండి."

కత్తి టకటకలాడింది. పలక మీద దారాల్లాంటి ముక్కలు పడ్డాయి. ఫుమియే ఇటు తిరిగింది. కత్తి ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత పడ్డవన్నీ వేలెడేసి ముక్కలు.

"మహానుభావా, అవి ఉల్లికాడలు. మిల్లులో దుంగలు కావు."

ఆమె చారు ఒక గుక్క నోట్లో పోసుకుంది. వెంటనే సింకులో ఉమ్మింది.

"ఇవాళ కూడా నా రైలు తప్పించారు."

"రేపు చూద్దాం."

"రేపు! మీ చేతికి చారు వచ్చేలోపు నాకు నూరేళ్లు నిండుతాయి. పొండి, పక్క ఊళ్లో ముసలాళ్లతో చదరంగం ఆడుకోండి. అక్కడా ఓడిపోయే వస్తుంటారు, ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది."

తొకుజీ టోపీ పెట్టుకున్నాడు. రోజూ తీసుకెళ్లే గుడ్డమూట చంకలో పెట్టుకుని తొమ్మిదింటి బస్సెక్కాడు.

పక్క ఊరి సమావేశ మందిరంలో ఏప్రన్లు కట్టుకుని ఎదురుచూస్తున్న పదకొండుమంది మగవాళ్లు తొకుజీని చూడగానే లేచి నడుం వంచారు, వాళ్లలో అందరికంటే పెద్దాయన అన్నాడు: "గురువుగారూ, మీరు నేర్పిన మిసో చారు మా ఆవిడ రెండు గిన్నెలు తాగింది."