బీదరు నుంచి అరగంట

"నీ తమ్ముణ్ణి ఇడిచిపెడుతున్న, కరుణమ్మా," అన్నాడు చేవెళ్ల పోలీసు ఠాణా అమీన్, గిద్యోను చేతి బేడీలు విప్పబోతూ.

శనివారం పొద్దుగూకే ముందు మొయినాబాదు దారిలో దొర గుమాస్తాను ఎవరో నరికేశారు. అనుమానం గిద్యోను మీదికి పోయింది. కానీ ఆ మధ్యాహ్నం అతడు తాను పనిచేసే బీదరు విమానాశ్రయంలో విమానాలు తుడుస్తుండగా చూసినవాళ్లున్నారు. అక్కడ మోటరెక్కితే ఇక్కడికి చేరేసరికి రాత్రవుతుంది. అందుకే విడిచిపెడుతున్నారన్న సంగతి కరుణమ్మకు ఎవరూ చెప్పలేదు. తమ్ముడు ఇంటికొస్తున్నాడు, అంతే చాలు ఆమెకు.

"ఆదివారం చర్చిల కోడిపుంజునిచ్చినవట. నేను వీణ్ణి ఇడవాలెనని మొక్కినవా?" అమీన్ నవ్వాడు.

"మీరు పట్టుకపోయింది సోమవారం గద సాబ్. అది కృతజ్ఞత కానుక. ఆపద తప్పినంక దేవునికియ్యకుంటే ఎట్ల?"

"ఏం ఆపద?"

"మా తమ్ముడు విమానమెక్కి వచ్చిండు. బీదరు నుంచి బేగంపేటకు అరగంటేనట. అంత ఎత్తుకెళ్లి క్షేమంగ దిగిండంటే మాటలా సాబ్?"

అమీన్ చెయ్యి ఆగిపోయింది. "ఎప్పుడొచ్చిండు? శనివారమేనా?"

కరుణమ్మ తమ్ముడి ముఖం చూసింది. అందులో రక్తం లేదు. వాడు బతికి దిగాడన్న సంబరంలో తాను అడగాల్సింది ఒకటి అడగనే లేదని అప్పుడు తెలిసింది.

"ఎందుకొచ్చినవ్ తమ్మీ, ఆ పొద్దు?"

గిద్యోను బేడీల చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"గుమాస్తా నీ జోలికొస్తున్నడని తెలిసినంక, బీదరుల ఎట్లుండాలె అక్కా?"