ఉప్పు చూసేవాడు

వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాది అది. ఓ సాయంత్రం, భోజనాల గంట ఇంకా కొట్టకముందే, కాలేజీ హాస్టల్ వంటగదిలో పొడుగు కుర్రాడు చేతిలో చెంచాను బల్లమీద విసిరికొట్టాడు.

"రేపట్నుంచి ఉప్పు చూడ్డానికి ఇంకొకణ్ణి పెట్టుకో బాబాయ్. నేను చదువు మానేసి ఇంటికెళ్లిపోతున్నా."

వంటాయన పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరిగాడు. "పరీక్షలు ముంగిట్లో పెట్టుకుని ఇంటికేంట్రా? ఏం, కూరలో బల్లి పడిందా?"

"నవ్వులాట కాదు. నేను పుట్టకముందు నుంచీ గరిటె తిప్పుతున్నావ్. నీ వంటకి ఉప్పు చూసిపెట్టడానికి నేనెందుకు?"

"వండినవాడి నోరు వండినవాడికే వంత పాడుతుందిరా. పరాయి నోరు కావాలి."

"ఇంక ఆ కబుర్లు చాలు. కళ్లద్దాలోడు నాకంతా చెప్పాడు."

కళ్లద్దాలోడు కుర్రాడి గదిలోనే ఉంటాడు. ఆ మధ్యాహ్నం మంచం మీద కాళ్లూపుకుంటూ ఒకటే నవ్వాడు. "ఉప్పు చూసే ఉద్యోగమా! దాన్ని ధర్మభోజనం అంటార్రా వెర్రోడా. నిన్ను పనిలోకి పిలవడానికి ముందురోజు మీ బాబాయ్ సహాయం గదిలో మేడంతో గుసగుసలాడ్డం నా నాలుగు కళ్లతో చూశాను."

సహాయం గది కాలేజీలో మెట్ల పక్కన ఉంది. ఫీజు కట్టలేనివాళ్లకీ, పుస్తకాలు లేనివాళ్లకీ, ఊరికే మనసు బాగాలేనివాళ్లకీ ఆ తలుపు తెరిచే ఉంటుంది. అయినా కుర్రాళ్లు దాని ముందు నుంచి పోయేటప్పుడు చెప్పుల మీద దుమ్ము చూసుకుంటూ పోతారు. నాన్న కుట్టుమిషన్లు వరదనీళ్లలో మునిగి, హాస్టల్ డబ్బులు రావడం ఆగిపోయినప్పుడు, పొడుగు కుర్రాడు కూడా రెండుసార్లు ఆ తలుపు దాకా వెళ్లాడు. రెండుసార్లూ ఇంకెవరి గదో వెతుక్కుంటున్నట్టు నటించి తిరిగొచ్చాడు. అప్పుడే వంటాయన పిలిచాడు. వంటగదిలో పనిచేసేవాళ్లకి తిండి ఊరికే. కష్టపడే తింటున్నానని కుర్రాడు ఇన్నాళ్లూ తల ఎత్తుకు తిరిగాడు.

"చెప్పు బాబాయ్. ఆ గదికి వెళ్లావా, లేదా?"

వంటాయన గిన్నె మూత తీసి చూసి, మళ్లీ పెట్టాడు. "వెళ్లాను."

"అక్కడ నా మాటొచ్చిందా, లేదా?"

"వచ్చింది."

"ఉప్పూ కారం తినే మనిషిని బాబాయ్. నాకు రోషం ఉండదా?"

"ఉప్పు చూసేవాడివి కదా. ఓ పిసరు ఎక్కువే ఉంది."

కుర్రాడు విసవిసా వెళ్లిపోయాడు. ఆ పూట తిండి ముట్టలేదు. పెట్టె సర్దుకున్నాడు. కడుపు మాడేసరికి బుర్ర పదునెక్కింది. ముసలాయన తనే రుచి చూసుకుని, అన్నీ సరిచేసుకున్నాకే తనను పిలుస్తున్నాడు. ఉప్పు గురించి తను ఓ అబద్ధం చెబితే చాలు, ఆయన ఇట్టే దొరికిపోతాడు. ఆ సంగతి ఆయన మొహమ్మీదే తేల్చి మరీ బండెక్కాలి.

మర్నాడు పొద్దున్నే పెట్టె పట్టుకుని వంటగదిలోకి వెళ్లాడు.

వంటాయన మొహం చాటంతయింది. "వచ్చావా నాయనా! ఈ జావ కాస్త చూడు. బయట కుర్రకారు కంచాలు వాయించేస్తున్నారు."

కుర్రాడు చెంచాడు నోట్లో వేసుకున్నాడు. కొలిచి వేసినట్టుంది ఉప్పు.

"చప్పగా ఉంది" అన్నాడు.

ఇక ముసలాయన 'దొంగవెధవా' అని నవ్వుతాడనుకున్నాడు. వంటాయన గుప్పెడు ఉప్పు తీసి డేగిసాలో వేసి కలిపాడు.

"ఇప్పుడు?"

"ఇంకా చప్పిడే."

ఇంకో గుప్పెడు పడింది.

"ఇప్పుడు?"

కుర్రాడు డేగిసాలోకి తొంగి చూశాడు. హాస్టలంతా తాగాల్సిన జావ అది. "ఉహూఁ" అన్నాడు, ఇప్పుడైనా పట్టుకోకపోతాడా అని. మూడో గుప్పెడూ పడిపోయింది.

"బాబాయ్, ఆగు! ఒక్కసారి నువ్వే చూడు!"

వంటాయన అటూ ఇటూ చూశాడు. గరిటెడు జావ తీసుకుని, ఊది, గటగటా తాగేశాడు. కనుబొమ్మ కదల్లేదు. పెదవి వంకర పోలేదు.

"అమృతం!" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "గంట కొట్టించమంటావా?"

కుర్రాడు గరిటె అంచుకి అంటుకున్నది వేలితో తీసి నాలుక మీద రాసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. సముద్రం తాగినట్టుంది. ముసలాయన మొహంలోకి అలాగే చూస్తూ నిలబడిపోయాడు.

వంటాయన మెల్లగా గరిటె దించాడు. "ఎక్కువైందా?"

"బాబాయ్... నీకు..."

"వరదనీళ్లలో బియ్యం బస్తాలు మోశాక పట్టిన జ్వరంరా. అది పోతూ పోతూ నా నోటి రుచి పట్టుకుపోయింది. ఉప్పూ పంచదారా నాకొకటే. ఈ మాట బయటపడితే నన్నీ పొయ్యి దగ్గర ఉండనిస్తారా?"

కుర్రాడు పెట్టెను కాలితో గోడ పక్కకి నెట్టాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. "నూకల బస్తా ఎక్కడ? నీళ్లు పెట్టు, తొందరగా! దీన్ని నాలుగింతలు చేస్తేగాని మనుషులు తాగలేరు. ఇవాళ ఎవడొచ్చి అడిగినా రెండేసి గిన్నెలు పొయ్యి."

కలిపి కలిపి చేతులు నొప్పిపుట్టాయి ఇద్దరికీ. జావ దారికొచ్చాక కుర్రాడికి గుర్తొచ్చింది. "మరి ఆ గదిలో నా మాటెందుకొచ్చింది బాబాయ్?"

"'నా నాలుక పోయిందమ్మా, ఏదైనా సాయం చెయ్యండి' అని వెళ్లింది నేనురా. 'నా తలుపు దాకా వచ్చి తిరిగిపోయే పొడుగు కుర్రాడు ఒకడున్నాడు, వాణ్ణి అడిగి చూడు, నీకు సాయం చేస్తాడేమో' అందామె."