ఆదిత్యాల మడి

“అడుగంటా తాగాలి,” అంటూ ముజ్నా గిన్నెను సల్వా చేతికిచ్చింది.

పాలలో ఉడికిన ఆదిత్యాలు జిగురుగా తేలుతున్నాయి. ఖర్జూరపు పాకం ఎంత పోసినా, అవి ఆవాల చుట్టాలని నాలుకకు తెలిసిపోతుంది. అరేబియాలోని ఈ యన్బూ తోటల్లో ఏ ఇంట బాలింత ఉన్నా ఈ గింజలే ఉడుకుతాయి. నడుం గట్టిపడాలన్నా, పాలు పడాలన్నా ఇవే.

సల్వా ఒక గుక్క తాగి ఆగింది. ఒడిలో కొడుకు నిద్రపోతున్నాడు.

“ఇవి రయ్యా కోసం చల్లినవి కదా పిన్నీ. నా గొంతు ఎలా దిగుతాయి?”

“దిగాలి. మడి మొత్తం నీకే. రోజూ పొద్దున్నే తెస్తాను.”

రయ్యా ముజ్నాకు ఒక్కగానొక్క కూతురు. సల్వాకు పక్కింటి నేస్తం. ఇద్దరూ ఒకేసారి నెల తప్పారు. ఒకనాడు వీధి చివర రొట్టెల పొయ్యి దగ్గర, “నీకు కొడుకు, నాకు కూతురు పుడితే వియ్యమందుదాం,” అంది రయ్యా. సల్వా ఆమె చేతిలో చెయ్యి వేసింది.

పక్కనే పిండి పిసుకుతున్న సల్వా అత్త షమ్మా ఊరుకోలేదు.

“అయితే ఎవరి బిడ్డకు వాళ్ళే పాలివ్వండే. ఒక్క రొమ్ము పాలు తాగితే తోబుట్టువులే, మనలో ఇక పెళ్ళి చెల్లదు. మావాడు పసితనంలో మేనత్త దగ్గర పాలు తాగి, ఆమె కూతురికి అన్నయి కూర్చున్నాడు. లేకపోతే ఈ మహాతల్లి మా ఇంటికి వచ్చేదా?”

అందరికంటే ఎక్కువసేపు నవ్వింది రయ్యానే.

ఆ సాయంత్రమే ముజ్నా పెరట్లో మడి కట్టి ఆదిత్యాలు చల్లింది. మొలిచిన దగ్గర్నుంచీ రయ్యా లేతాకు గిల్లి రొట్టెలో చుట్టుకు తినేది. “నీ పురిటికి గింజ మిగలనివ్వవే,” అని ముజ్నా కసిరేది.

అనుకున్నట్టే సల్వాకు కొడుకు పుట్టాడు. వెనకే రయ్యాకు కూతురు.

ఇప్పుడు ముజ్నా ఆ సంబంధం తెంచడానికి వచ్చింది.

“అది రయ్యా అడిగిన మాట అక్కా,” అంది షమ్మా గుమ్మం దగ్గర నిలబడి. “ఊళ్ళో ఇంకెవరూ లేరా?”

“అన్ని గుమ్మాలూ చూసే వచ్చాను.”

“ఇంకో రెండు రోజులు ఆగి చూడరాదూ?”

“ఆగలేను షమ్మా.”

సల్వా కళ్ళు ముజ్నా శాలువా మీద ఒక్క క్షణం నిలిచి, పక్కకు తప్పుకున్నాయి.

“చేతిలో చెయ్యేశాను పిన్నీ. రేపు రయ్యాకు నా ముఖం ఎలా చూపించను?”

“నీకంటే ముందు నేనే కలుస్తాను దాన్ని. నేను చెప్పుకుంటాను. నువ్వు తాగు తల్లీ.”

షమ్మా వచ్చి కోడలి పక్కన చతికిలబడింది. గిన్నెను ఆమె పెదవుల దాకా ఎత్తి పట్టుకుంది. సల్వా కళ్ళు మూసుకుని ఆఖరి గింజ వరకూ తాగేసింది.

ముజ్నా శాలువా ముడి విప్పి, నిన్న తల్లిని మట్టిలో పెట్టినప్పటి నుంచీ పోసిన మేకపాలన్నీ కక్కేస్తున్న ఆ పసిదాన్ని, సల్వా ఒడిలో దాని అన్న పక్కన పడుకోబెట్టింది.