దేవుడికి అర్థం కాలేదట

భూమితాత గుడిలో చిన్‌షుయ్ మూడోసారి విసిరినప్పుడూ, దేవుణ్ణి ప్రశ్న అడిగే చెక్కలు రెండింట్లో ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడ్డాయి. అంటే దేవుడు సరేనన్నట్టే. వరుసగా మూడుసార్లంటే ఇక తిరుగులేదు.

"చూశావా! పుల్లలు మానేస్తానంటే తాత ఒప్పుకున్నాడు. ఇవాళ్టి నుంచి ఆ పుల్లలు నా నోట్లో పెట్టావంటే ఊరుకోను" అన్నాడు చిన్‌షుయ్, సగమే తెరుచుకునే నోటితో. ముప్పై ఏళ్లు పింగ్‌తుంగ్ నుంచి తైపేకి లారీ తోలుతూ, నిద్ర రాకుండా వక్కలు నమిలిన నోరది. కేన్సరని కోసి కుట్టి రెండు నెలలైంది.

కూతురు ష్యూఫెన్ పుల్లల కట్ట పట్టుకుని ఆయన పక్కకొచ్చింది. రోజూ పళ్ల మధ్య ఐస్‌ఫ్రూట్ పుల్లలు పేర్చి నోరు సాగదీయకపోతే దవడ బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. అప్పుడు మళ్లీ ముక్కులో గొట్టంతోనే గంజి. ఇప్పటికి తొమ్మిది పుల్లలే పడుతున్నాయి. నొప్పి నిజమే. కానీ ఈ మొండిఘటం డాక్టరు మాట వినడు, కూతురి మాట అసలే వినడు.

"అడిగేది ఎవరో తాతకి తెలిసేలా ముందు పేరు, పుట్టినరోజు, ఇంటి నంబరు చెప్పావా నాన్నా?"

"చెప్పకుండా ఎవడైనా అడుగుతాడా?"

"నువ్వు చెప్పింది నాకే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇక ఆ తాతకేం అర్థమవుతుంది? ఎవడో ఏదో అడిగాడు, పోనీలే అని ఊకొట్టి ఉంటాడు."

చిన్‌షుయ్ ముఖం మాడిపోయింది. గుడి ఊడుస్తున్న త్సాయ్ పెద్దమ్మ వైపు తిరిగాడు. "ఏం వదినా, నీకు అర్థం కాలేదూ?"

ష్యూఫెన్ ఆమెకు కళ్లతోనే దండం పెట్టింది.

"నా చెవుడు నీకు తెలిసిందేగా మరిదీ" అంది పెద్దమ్మ, చీపురు చూసుకుంటూ.

"అయితే నోరు తిరిగాకే అడుగుతా! అప్పుడేమంటావో చూస్తా!"

కూతురి చేతిలోంచి పుల్లల కట్ట విసురుగా లాక్కుని మెట్ల మీద కూర్చున్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నా పంతంకొద్దీ పదో పుల్ల కూడా తోశాడు. ష్యూఫెన్ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

పెద్దమ్మ దగ్గరికొచ్చి గొణిగింది. "ఇంటి నంబరుతో సహా అన్నీ శుభ్రంగా చెప్పాడు కదే! దేవుడి ముందు అంత అబద్ధమా? తప్పు కాదూ?"

"పొద్దున్నే వచ్చి తాతనే అడిగాను పెద్దమ్మా" అంది ష్యూఫెన్. "మూడుసార్లూ సరేనన్నాడు."