దండ కింద ట్యాగ్

జనం వెతికే హ్యాష్‌ట్యాగ్ లేకపోతే గోడ తెరమీది ఫోటో కూడా దానంతటదే చెరిగిపోయే పాడు రోజులు దాపురించాయి. ఫోటోగ్రాఫర్ సాంబమూర్తి తీసిన భార్య హైమావతి చివరి ఫోటో, వేసిన దండ కిందే తెల్లబడిపోయింది.

మర్నాటికి మళ్లీ కనిపించింది.

"#స్వర్గీయ అంటే ఎవడు చూస్తాడు మామయ్యా? #పెళ్లికూతురు అని మార్చాను. అత్తయ్య వచ్చేసింది, మన స్టూడియోకి పెళ్లి బేరాలూ వచ్చాయి!" అన్నాడు అల్లుడు వినీల్.

ఫోటో కింద ముక్కూమొహం తెలియనివాళ్లు అక్షింతల బొమ్మలు కురిపిస్తున్నారు. ఒకడు ముహూర్తం ఎప్పుడని అడిగాడు.

సాంబమూర్తి గోడ తెర ఆర్పేశాడు. ఆ దండ తీసి అల్లుడి మెడలో వేశాడు.

"నీకు పెట్టుకోరా, స్వర్గీయ అని. ఎవడూ చూడడు. ఈ ఫోటో ఊసు ఇక జన్మలో నా దగ్గర ఎత్తకు, నేనూ ఎత్తను."