తాడు పట్టే మనిషి

"ఆడది తాడు పట్టుకుంటే మగాడు చెట్టెక్కుతాడా? సిగ్గు లేదట్రా నీకు?"

వెంకటరామారావు పకపకా నవ్వాడు. ఆయన నవ్వితే పనివాళ్ళు నలుగురూ నవ్వాలి. నవ్వారు. గొడ్డలి భుజాన వేసుకుని నిలబడ్డ హేమ్లా మాత్రం నవ్వలేదు. అతని భార్య గోరి, ఆ మాట తనను కాదన్నట్టు, చెట్లెక్కే మోకుతాడును వరసలుగా చుట్టుకుంటోంది.

అశ్వారావుపేట అడవి అంచున రావు కొత్తగా కట్టిన రైసుమిల్లు మీదికి నల్లమద్ది కొమ్మ ఒకటి వంగి ఉంది. మనిషి నడుమంత లావు. ఈదురుగాలికి విరిగి పడిందంటే సిమెంటు రేకులు పిండిపిండే. రేపే మిల్లు ప్రారంభం. కొమ్మలు కొట్టడంలో హేమ్లాను మించినవాడు లేడని పాలేరు జంపయ్య పొద్దున్నే తండాకు పోయి పిలుచుకొచ్చాడు.

"తాడు కొమ్మకు గాదయ్యా, నా నడుముకు," అన్నాడు హేమ్లా. "పైన పంగల నుంచి ఏసి, కింద చెట్టు మొదలుకు ఒక చుట్టు చుట్టి పట్టుకోవాలె. కాలు జారితే నన్ను ఆపేది గదే."

"అందుకే చెబుతున్నా. నలుగురు మగాళ్ళున్నారు, వీళ్ళు పట్టుకుంటారు."

"ఆళ్ళు వద్దయ్యా. మా పనిల ఒక పద్ధతున్నది. పైకెక్కినోడు పడితే ఎవరి ఇల్లు కూలుతదో, ఆళ్ళే తాడు పట్టాలె."

గోరి అప్పుడు నోరు విప్పింది. "ఈయన పడితే ఈళ్ళంత అయ్యో అనుకుంట ఇంటికి పోయి బువ్వ తింటరు. పొయ్యి ఆరేది నా ఇంట్ల. గందుకే నా చేతులు ఇడువయి."

"అబ్బో! చెట్లు కొట్టేవాళ్ళకు కూడా శాస్త్రాలున్నాయే!"

అంతలో రావు భార్య సుశీలమ్మ మజ్జిగ తెచ్చింది. గ్లాసు అందిస్తూ, "వాళ్ళ పని వాళ్ళకు తెలుసు కదండీ, వాళ్ళ పద్ధతిలోనే చేయనివ్వండి," అంది మెల్లగా.

రావు ఒక గుక్క తాగి, గ్లాసును ఆమె కాళ్ళ దగ్గర విసిరికొట్టాడు. మజ్జిగ చీరంతా చిందింది. "ఉప్పేదీ? మజ్జిగలో ఉప్పు వేయడం చేతకాదు గానీ చెట్ల సంగతి చెప్పొచ్చావా? లోపలికి పో."

పదిమందిలో పెళ్ళాన్ని చులకన చేయడమే మగతనమని కొందరి నమ్మకం. రావుగారికి ఆ నమ్మకం దండిగా ఉంది. సుశీలమ్మ వంగి గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"గోరి పట్టకుంటే నేనెక్కనయ్యా," అన్నాడు హేమ్లా.

"ఎక్కకపోతే పోరా! పెళ్ళాం కొంగు పట్టుకుని తిరిగే నీకు గొడ్డలెందుకు? ఇలా తే. కృష్ణ ఒడ్డున కొబ్బరిచెట్లు కోతిలా ఎక్కినవాణ్ణి నేను!"

ఎక్కాడేమో. అప్పటికి ఆ పొట్ట లేదు.

"వద్దయ్యా, రాత్రి వానకు బెరడు నానింది," అన్నాడు జంపయ్య. "నోర్ముయ్," అన్నాడు రావు. పంచె ఎగ్గట్టి, గొడ్డలి మొలలో దోపుకుని, నిచ్చెన మీదుగా మొదటి పంగ దాకా బాగానే పోయాడు. ఎక్కడం అంత తేలికని కిందివాళ్ళకు చూపించాలనుకున్నాడో ఏమో, ఇంకో రెండు నిలువులు పైకి పాకాడు. అక్కడ కాలు సర్రున జారింది. గొడ్డలి వచ్చి కింద మట్టిలో దిగబడింది. రావు రెండు చేతులా మానును వాటేసుకుని, కళ్ళు మూసుకుని, వణకడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్! దించండ్రా! చేతులు పట్టు తప్పుతున్నాయి!"

హేమ్లాకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. చెట్టు మీద ఉన్న మనిషిని చూసి నవ్వకూడదని ఆపుకున్నాడు. మోకు కొసకు రాయి కట్టి, రావు తల మీది పంగలోంచి అవతలికి విసిరాడు. కొస రావు దగ్గరికి జారింది.

"నడుముకు కట్టుకోండయ్యా. మేం కింద పట్టుకుని కొంచెం కొంచెం ఇడుస్తం. మీరు మెల్లగ దిగుండ్రి."

రావు ఎలాగో ముడి వేసుకున్నాడు. హేమ్లా రెండో కొసను చెట్టు మొదలుకు ఒక చుట్టు చుట్టి బిగించాడు. రావు కళ్ళు తెరిచి కిందికి చూశాడు. తాడు పట్టుకున్నది ఎవరో చూశాడు. ఇందాకటి నుంచి వాణ్ణి ఏమేం అన్నాడో గుర్తొచ్చినట్టుంది.

"నువ్వొద్దు! నువ్వు ముట్టుకోకు!"

"అయితే జంపయ్య పడతడయ్యా."

జంపయ్య ముందుకొచ్చాడు. మొన్ననే అందరి ముందూ అతని చెంప పగలగొట్టింది రావే.

"వాడూ వద్దు! ఎవడూ వద్దురా!"

"మరెవరు పట్టాలె?"

రావు కింద ఉన్నవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. తర్వాత ఏడుపు గొంతుతో అరిచాడు. "మీ పద్ధతే... మీ పద్ధతే మంచిదిరా. సుశీలను పిలవండి!"

సుశీలమ్మ వచ్చింది. మజ్జిగ మరకలు చీర మీద ఇంకా ఆరలేదు. తాడు ఎలా పట్టుకోవాలో, ఎలా వదలాలో హేమ్లా చూపించాడు. ఆమె అంతా శ్రద్ధగా చూసి, తాడు చేతికి తీసుకుని, గట్టిగా బిగబట్టింది. నలుగురు మగాళ్ళు కూడా అంత బాగా పట్టరనిపించింది హేమ్లాకు.

"జాగ్రత్త సుశీలా!" పైనుంచి అరిచాడు రావు. "నాకేమన్నా అయితే పోయేది నీ బొట్టేనే!"

సుశీలమ్మ తలెత్తి మొగుడి వంక చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తన చేతుల్లోని తాడు వంక చూసింది.

"భయపడకమ్మా, నేను పక్కనే ఉన్న," అన్నాడు హేమ్లా.

ఆమె ఆ మాట విననట్టే గోరి వైపు తిరిగి, తాడు ఆమె చేతుల్లో పెట్టేసింది.

"నువ్వు పట్టుకో గోరీ. నా చేతిలో ఉంటే వదిలేయాలనిపిస్తోంది."